కళాశాల పరిపాలనలో ఒత్తిడికి కరోనాయే కారణమా?

విశ్రాంత ప్రిన్సిపాల్, విజయనగరం:

గత వారం కోట దగ్గర కలిసిన పాత సహోద్యోగులు ముగ్గురూ, కళాశాల పరిపాలన భరించలేని పనిగా మారడానికి కరోనాయే కారణమని తేల్చేశారు. నేను ఒప్పుకోలేదు. బిల్లులను రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ ఆర్థిక వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో, ఉపకార వేతనాల దరఖాస్తులను జ్ఞానభూమి పోర్టల్‌లో పెట్టడం 2020కి ముందే మొదలైంది. కళాశాలలకు గ్రేడు ఇచ్చే సంస్థ న్యాక్ కోసం ఏళ్ల తరబడి కాగితాలు కూర్చడం అంతకన్నా పాతది. లాక్‌డౌన్ మొదలైన 2020 మార్చి 25 నాటికే మా కార్యాలయంలో సగం కుర్చీలు ఖాళీగా ఉండేవి. పదవీ విరమణ చేసినవారి స్థానంలో ఎవరినీ నియమించకుండా, వారి పనిని మాత్రం మిగిలినవారికి పంచుతూ వచ్చిన ఫలితమే ఈ ఒత్తిడి. కరోనా అగ్నికి ఆజ్యం పోసిందంటే అభ్యంతరం లేదు, నిప్పు పెట్టిందంటే మాత్రం ఒప్పుకోను.

కార్యాలయ సూపరింటెండెంట్, శ్రీకాకుళం:

మాస్టారూ, ఖాళీ కుర్చీల సంగతి అక్షరాలా నిజం. అయితే పని ఎక్కువ కావడం వేరు, ఏ పని చేయాలో తెలియకపోవడం వేరు. 2020 ఏప్రిల్ 29న విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఇచ్చిన మార్గదర్శకాలు చివరి సంవత్సరం పరీక్షలను జులైలో పెట్టవచ్చన్నాయి; జులై 6న వచ్చినవి సెప్టెంబరు నెలాఖరులోగా ముగించాలన్నాయి; ఈలోగా వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లి, ఆగస్టు 28న పరీక్షలు లేకుండా పట్టాలు ఇవ్వడం కుదరదని తీర్పు వచ్చింది. ఆ నాలుగు నెలలూ పలాస నుంచి, పాలకొండ నుంచి తల్లిదండ్రులు ఫోన్ చేసి "పరీక్ష ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగితే, విశ్వవిద్యాలయానికే తెలియని జవాబును నేను చెప్పవలసి వచ్చేది. పరీక్ష రాసేవారి జాబితాలు, అంటే నామినల్ రోల్స్, మూడుసార్లు తయారు చేశాను. చాకిరీ నన్ను అలసగొట్టలేదు; చెప్పిన మాట వారం తిరగకముందే అబద్ధమైపోవడం అలసగొట్టింది.

సీతంపేట కొండల పిల్లల సంగతి మరొకటి. అప్పటికి సీతంపేట మా శ్రీకాకుళం జిల్లాలోదే. సిగ్నల్ కోసం గట్టు మీదికి ఎక్కి కూర్చున్న పిల్లవాడు ఆన్‌లైన్ తరగతికి రాలేదని హాజరులో గుర్తు పెట్టాలా, వద్దా? ఇది అధ్యాపకుల సమస్య అనుకుంటారు గాని, హాజరు తగ్గితే ప్రభుత్వం ఇచ్చే బోధన రుసుము ఆగుతుంది కనుక చివరికి ఆ ఫైలు నా బల్ల మీదికే వచ్చేది. వీటన్నిటికన్నా పెద్ద మార్పు ఫోన్ తెచ్చింది. పూర్వం టపా ఉదయం వచ్చేది, సాయంత్రం గదికి తాళం వేసేవాళ్లం. లాక్‌డౌన్‌లో అవసరం కొద్దీ వాట్సాప్‌లో మొదలైన ఆదేశాలు, 2020 నవంబరు 2న కళాశాలలు తెరిచాక కూడా ఆగలేదు. రాత్రి పదింటికి "రేపు ఉదయం తొమ్మిదిలోగా" అని వచ్చే సందేశానికి ఫైలు నంబరు ఉండదు, సంతకం ఉండదు; ఏదైనా తేడా వస్తే మాత్రం సంజాయిషీ నాది. ఇది 2020కి ముందు లేదు మాస్టారూ.

ఒప్పంద కంప్యూటర్ ఆపరేటర్, రాజాం:

పెద్దలిద్దరూ మన్నించాలి. ఆ రాత్రి పది గంటల సందేశాన్ని మీరు చదివి నాకు పంపిస్తారు, పోర్టల్ తెరిచేది నేను. ఓటీపీ ప్రిన్సిపాల్ గారి ఫోన్‌కు వెళ్తుంది. ఆయన నిద్రపోతే ఇక్కడ పని ఆగుతుంది, లేపితే చీవాట్లు. అధికారులు పడే ఒత్తిడి గురించి జరిగే చర్చల్లో మా మాట ఎక్కడా కనిపించదు.

విశ్రాంత ప్రిన్సిపాల్:

బాబూ, ఆ చీవాట్లు పెట్టినవారిలో నేనూ ఒకణ్ణి. మేడం, సంతకం లేని ఆదేశం గురించి మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క విషయంలో నా మాట సవరించుకుంటున్నాను. 2021 డిసెంబరులో రాష్ట్రంలో తొలి ఒమిక్రాన్ కేసు మా జిల్లాలో బయటపడిన నాడు, వసతి గృహం ఖాళీ చేయించాలా అని పైవారిని అడిగితే "మీరే చూసుకోండి" అని ఫోన్‌లోనే చెప్పారు. కాగితం మీద పెట్టమంటే ఎవరూ పెట్టలేదు. కానీ డబ్బు విషయంలో నా వాదన నిలుస్తుంది. 2021 నుంచి ప్రభుత్వం విద్యార్థుల రుసుము కోసం ఇచ్చే విద్యా దీవెన సొమ్ము కళాశాల ఖాతాకు కాక తల్లుల ఖాతాకు వెళ్లింది. ఆ పద్ధతిలోని మంచిచెడ్డలు వేరే చర్చ. ప్రైవేటు కళాశాలల్లో రుసుము కోసం ఇంటింటికీ ఫోన్ చేసే పని మాత్రం మనవారి నెత్తిన పడింది. దానికీ వైరస్‌కూ సంబంధం లేదు.

కార్యాలయ సూపరింటెండెంట్:

రుసుము సంగతి ఒప్పుకుంటాను. మా కార్యాలయంలో ఈ నెల నుంచి ఒక పద్ధతి పెట్టాము: సాయంత్రం ఆరు దాటాక వచ్చిన సందేశాన్ని మరునాడు ఉదయం టపా రిజిస్టరులో ఎక్కించి, పంపినవారి పేరు, వచ్చిన వేళ రాసి, అప్పుడే పని మొదలుపెడుతున్నాము. ఇప్పటికి పదకొండు ఎక్కాయి. వాటిలో ఆ రాత్రే నిజంగా కావలసినవి రెండు.

ఒప్పంద కంప్యూటర్ ఆపరేటర్:

ఆ రిజిస్టరు రాసే పని ఎవరిది మేడం?