డార్క్ ఎనర్జీ బలహీనపడితే విశ్వం తిరిగి ముడుచుకుంటుందా?

నాగావళి (శ్రీకాకుళం):
విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలని, మనకు కనిపించే విశ్వం వ్యాసం మాత్రం సుమారు 9,300 కోట్ల కాంతి సంవత్సరాలని చదివాను. కాంతిని మించిన వేగం లేదంటూనే ఈ లెక్క ఎలా కుదురుతుందో పెద్దలు చెప్పగలరు. పైగా విశ్వ విస్తరణను వేగవంతం చేస్తున్న డార్క్ ఎనర్జీ బలహీనపడుతున్నట్లు, గెలాక్సీల దూరాలను కొలిచే డెసి సర్వే బృందం 2025 మార్చిలో సూచనలు ప్రకటించినప్పటి నుంచి, విశ్వం మళ్లీ ముడుచుకుపోవడం ఖాయమని మా మిత్రులలో ఒకరు గట్టిగా వాదిస్తున్నారు.

బొబ్బిలి మాస్టారు:
ఆ వాదన నాదే కనుక జవాబు చెప్పవలసిన బాధ్యతా నాదే. గురుత్వాకర్షణ వల్ల విస్తరణ నెమ్మదిస్తూ ఉంటుందని 1998 వరకు శాస్త్రజ్ఞులు భావించారు. ఆ ఏడాది, పేలిపోయే నక్షత్రాలైన సుదూర సూపర్‌నోవాలు అనుకున్నదానికన్నా మసకగా, అంటే మరింత దూరంగా ఉన్నాయని, కనుక విస్తరణ వేగం పుంజుకుంటోందని రెండు బృందాలు తేల్చాయి. 2011లో పెర్ల్‌మట్టర్, ష్మిట్, రీస్‌లకు నోబెల్ వచ్చింది. అప్పుడు తలకిందులైన అభిప్రాయం ఇప్పుడు మరోసారి తలకిందులైతే వింతేముంది? బ్రహ్మకు ఒక పగలైన 432 కోట్ల ఏళ్ల కల్పం ముగిస్తే లయం, ఆపై మళ్లీ సృష్టి అని మన పురాణాలు చెప్పనే చెప్పాయి. పుట్టినది గిట్టక తప్పదు కదా.

చంపావతి (విజయనగరం):
ముందు నాగావళి గారి లెక్క చూద్దాం. కాంతివేగ పరిమితి స్థలంలో ప్రయాణించే వస్తువులకే గాని, స్థలం సాగడానికి వర్తించదు. దాదాపు 1,380 కోట్ల ఏళ్ల క్రితం బయలుదేరిన కాంతి మనల్ని చేరేలోగా, అది బయలుదేరిన చోటు సుమారు 4,650 కోట్ల కాంతి సంవత్సరాల దూరానికి జరిగిపోయింది. దానికి రెట్టింపే మీరు చదివిన వ్యాసం. అది మన చూపుకున్న హద్దు మాత్రమే. దానికి ఆవల విశ్వం ఎంత ఉందో ఎవరూ కొలవలేదు. నవంబరు చివర, వెన్నెల లేని రాత్రి ఎనిమిది దాటాక, కళింగపట్నం తీరాన లైట్‌హౌస్ వెలుగు కంట పడని చోట నిలబడి ఉత్తరాన బాగా ఎత్తుగా చూస్తే, ఆండ్రోమెడా గెలాక్సీ చిన్న మసక మచ్చలా మామూలు కంటికే ఆనుతుంది. ఆ వెలుగు బయలుదేరి 25 లక్షల సంవత్సరాలైంది, అయినా విశ్వం లెక్కలో అది పక్కిల్లే.

ఇక మాస్టారి వాదన. డెసి దాదాపు కోటిన్నర గెలాక్సీలను, క్వేజార్లను (అతి ప్రకాశవంతమైన సుదూర గెలాక్సీ కేంద్రాలను) కొలిచింది. ఆ కొలతలను సూపర్‌నోవాలతోను, మహావిస్ఫోటపు (బిగ్ బ్యాంగ్) శేషకాంతితోను కలిపితే, డార్క్ ఎనర్జీ మారదన్న నమూనాతో వచ్చిన తేడా, ఏ సూపర్‌నోవా జాబితాను వాడామన్న దాన్ని బట్టి, 2.8 నుంచి 4.2 సిగ్మా వరకు ఉంది. సిగ్మా అంటే ఆ తేడా యాదృచ్ఛికంగా వచ్చింది కాదని ఎంత గట్టిగా చెప్పవచ్చో తెలిపే కొలమానం. కనుగొన్నామని ప్రకటించడానికి 5 సిగ్మా కావాలి. అది దాటిందనే అనుకుందాం. అయినా బలహీనపడటం వేరు, వెనక్కి లాగడం వేరు. ఆ శేషకాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహపు లెక్కల ప్రకారం విశ్వం దాదాపు చదునుగా (వంపు లేకుండా) ఉంది. అటువంటి విశ్వంలో డార్క్ ఎనర్జీ సున్నాకు పడిపోయినా, పదార్థపు ఆకర్షణ విస్తరణను నెమ్మదింపజేస్తుందే తప్ప ఆపలేదు. ముడుచుకోవాలంటే డార్క్ ఎనర్జీ రుణాత్మకం (సున్నా కన్నా తక్కువ) కావాలి, అలా అవుతోందని ఏ కొలతా చూపలేదు. కల్పం మాటకొస్తే, విశ్వం వయసు ఇప్పటికే అటువంటి మూడింటిని దాటేసింది మాస్టారూ.

బొబ్బిలి మాస్టారు:
మీరు రాత్రిని మరిచారు. పగలూ రాత్రీ కలిపితే 864 కోట్లు. పైగా కల్పాంతం చిన్న ప్రళయం, మహాప్రళయం బ్రహ్మ ఆయువు 311 లక్షల కోట్ల ఏళ్లు నిండాకనే. సంకల్పంలో రోజూ "ద్వితీయ పరార్ధే" (బ్రహ్మ ఆయువు రెండో సగంలో) అంటున్నాం కనుక అందులో సగం గడిచింది. ఈ మహావిస్ఫోటానికి ముందు మరెన్ని జరిగాయో ఎవరు చెప్పగలరు?

చంపావతి (విజయనగరం):
ఎవరూ చెప్పలేరు, అందుకే దాన్ని ముడుచుకోవడానికి సాక్ష్యంగా చూపకూడదని నా అభ్యంతరం. మిగిలిన సగమంటే 155 లక్షల కోట్ల ఏళ్లు. విస్తరణ ఇలాగే కొనసాగితే, 100 లక్షల కోట్ల ఏళ్ల నాటికే కొత్త నక్షత్రాలు పుట్టడం ఆగిపోతుందని అంచనా. అంటే మీ మహాప్రళయం వచ్చేసరికి ముంచడానికి వెలిగే నక్షత్రం మిగలడమే కష్టం.

బొబ్బిలి మాస్టారు:
సరే, కల్పాలను పక్కన పెడతాను. కాని 2023లో ప్రయోగించిన యూక్లిడ్ అంతరిక్ష టెలిస్కోప్, డెసి పూర్తి సర్వే రెండూ ఒకే దిక్కు చూపి ఆ 4.2ను 5 దాటించకపోతే, "ఖాయం" అన్న మాట ఒక్కటే వెనక్కి తీసుకుంటాను. "సాధ్యం" అన్నది మాత్రం వదలను.

నాగావళి (శ్రీకాకుళం):
"సాధ్యం" దగ్గర మీ ఇద్దరికీ పేచీ లేనట్టే. మరి డార్క్ ఎనర్జీ రుణాత్మకం కావాలంటే ఏం జరగాలో చంపావతి గారు వివరంగా రాయగలరు.