వార్త రాసే మనిషికే యాడ్ టార్గెట్ పెట్టడం ఆపాలా, వద్దా?

పాత కంట్రిబ్యూటర్:

తెలుగు పేపర్లను జనం ఎందుకు నమ్మడం లేదని వారం రోజులుగా చర్చ నడుస్తోంది. ఎవరు రాసినా యజమానుల గురించి, వాళ్ల పార్టీల గురించే. అది అబద్ధమని నేననను. కానీ పైన జరిగేది వేరు, మండలంలో జరిగేది వేరు. నేను పదకొండేళ్లు మండల విలేకరిగా చేసి మూడేళ్ల కిందట మానేశాను. పేపర్ పేరు అనవసరం. నాకు జరిగింది ఒకటి చెబుతాను.

డిసెంబర్ సగం దాటితే చాలు, మా ఆర్‌సీ ఇన్‌చార్జి నుంచి, అంటే నియోజకవర్గం చూసే ఆయన నుంచి ఫోన్లు మొదలయ్యేవి. న్యూ ఇయర్, సంక్రాంతి, జనవరి 26 కలిపి ఆ ఏడు నాకు 40,000 టార్గెట్. ఒక సర్పంచ్ దగ్గరికి వెళ్లాను. వరండాలో కుర్చీ వేయించి, టీ తెప్పించి, "నువ్వు అడిగితే కాదంటానా తమ్ముడూ, రాసుకో" అన్నాడు. క్వార్టర్ పేజీ, 18,000. పైన ఎమ్మెల్యే ఫొటో, కింద నమస్కారం పెడుతూ ఆయన ఫొటో. జనవరి 26న యాడ్ వచ్చింది. డబ్బు మాత్రం రాలేదు. ఫిబ్రవరిలో వెళ్తే పంచాయతీ బిల్లులు పడలేదన్నాడు. మార్చిలో ఫోన్ ఎత్తలేదు. ఏప్రిల్ నుంచి నా లైన్ అకౌంట్‌లో కోత మొదలైంది. అచ్చయిన వార్తల లైన్లు లెక్కగట్టి నెలకు నాకిచ్చేదే రెండు వేల లోపు.

మే నెలలో ఒక రాత్రి పదకొండింటికి ఊరివాళ్లు ఫోన్ చేశారు, వాగులోకి ట్రాక్టర్లు దిగాయని. బండేసుకుని వెళ్లాను. మూడు ట్రాక్టర్లు, ఒక జేసీబీ. లైట్లు ఆర్పేసి ఇసుక తోడుతున్నారు. ట్రాక్టర్లు ఆ సర్పంచ్ బావమరిదివి. ఫొటోలు తీశాను, ఇంటికొచ్చి వార్త టైప్ చేశాను, పంపకుండా పడుకున్నాను. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆపమనలేదు. ఆ వార్త వస్తే నా 18,000 ఇక రావన్నది ఒక్కటే నా టెన్షన్. ఆ ఫొటోలు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉన్నాయి.

ఇంకో సంగతి. చేరేటప్పుడు మాతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. "నా ప్రధాన వృత్తి వేరే ఉంది, అభిరుచి కొద్దీ వార్తలు రాస్తున్నాను" అని. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం, పత్రికా రచన ప్రధాన వృత్తి అయినవాళ్లనే లెక్కలోకి తీసుకునేది. ఆ ఒక్క సంతకంతో మేం చట్టం గడప బయటే ఉండిపోయాం. పత్రికా ఉద్యోగులకు మజీఠియా వేతన సంఘం చెప్పిన జీతాలు ఇవ్వాల్సిందేనని 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పిన రోజు ప్రెస్ క్లబ్‌లో స్వీట్లు పంచారు. మా మండలాలవాళ్లం ఒక్కరం కూడా ఆ జీతం చూడలేదు.

వార్త రాసేవాడు యాడ్ అడగకూడదు, యాడ్‌ల కోసం మండలానికి వేరే మనిషిని పెట్టాలి, నా వాదన ఇంతే. దానికయ్యే ఖర్చు కోసం పేపర్ ధర పెంచండి. చాయ్ పది, పదిహేను అయినప్పుడు పేపర్ ఏడెనిమిది రూపాయల దగ్గరే ఎందుకు ఆగాలి?

యాడ్స్ విభాగం:

అన్నా, మీ బాధ నాకు తెలుసు. పద్దెనిమిదేళ్లుగా నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి.

పేపర్ ధరతో కాగితం ఖర్చు కూడా పూర్తిగా రాదు. 2019 బడ్జెట్‌లో దిగుమతి న్యూస్‌ప్రింట్ మీద, అంటే పేపర్ అచ్చేసే కాగితం మీద 10 శాతం సుంకం వేశారు, మరుసటి ఏడాది 5కు తగ్గించారు. ఊపిరి తీసుకునేలోపు కరోనా వచ్చింది. చాలా పేపర్లు జిల్లా టాబ్లాయిడ్, అంటే విడిగా ఇచ్చే జిల్లా వార్తల చిన్న పేపర్ ఎత్తేసి ఆ వార్తలను మెయిన్ పేపర్లో రెండు మూడు పేజీలకు కుదించాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా కాగితం రావడం కష్టమై న్యూస్‌ప్రింట్ ధర ఎక్కడికో పోయింది. ఈలోపు మన యాడ్‌లు ఫోన్‌లోకి వెళ్లిపోయాయి. మా ఊళ్లో కోచింగ్ సెంటర్ ఆయన ప్రతి జూన్‌లో హాఫ్ పేజీ ఇచ్చేవాడు. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ వేయించుకుంటున్నాడు. వార్తల మీద వచ్చే యాడ్ డబ్బులో గూగుల్ సరైన వాటా ఇవ్వడం లేదని పత్రికల సంఘం ఫిర్యాదు చేస్తే 2022 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ దర్యాప్తుకు ఆదేశించింది. వాటా కోసం కెనడా 2023లో చట్టమే చేస్తే ఫేస్‌బుక్ అక్కడ వార్తలు కనిపించకుండా చేసేసింది. అంత పెద్ద దేశానికే అలా ఉంటే మన జిల్లా పేజీలను ఎవరు పట్టించుకుంటారు?

మండలానికి ఒక యాడ్ మనిషిని పెట్టాలంటే జీతం, పెట్రోలు కలిపి నెలకు 15,000 తక్కువ కాదు. చాలా మండలాల్లో పండగలు లేని నెలల్లో యాడ్ రాబడి అందులో సగం కూడా ఉండదు. పైగా సర్పంచ్ నా మొహం చూసి యాడ్ ఇవ్వడు, విలేకరిని చూసి ఇస్తాడు.

నెల్లూరు టీచర్:

"విలేకరిని చూసి ఇస్తాడు" అన్నారు కదా, అందులోనే జవాబు ఉందండి. విలేకరిలో ఏం చూసి ఇస్తాడు? భయమో, ఆశో. శుభాకాంక్షలు చెప్పుకోవడానికి 18,000 ఎవరు పెడతారు?

మాది నెల్లూరు జిల్లా. 1992లో సారా ఉద్యమం జరిగినప్పుడు నేను ఎనిమిదో తరగతి. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారన్న కబురు మా ఊరికి జిల్లా పేపర్లోనే వచ్చింది. చదువురాని పెద్దవాళ్ల కోసం పెట్టిన అక్షరదీపం క్లాసులకు వెళ్లే మా పిన్ని ఊళ్ల పేర్లు కూడబలుక్కుని చదివేది. ఈ రోజు ఏ ఊరు, రేపు ఏ ఊరు అని రోజూ ఎదురుచూసేవాళ్లం. పక్క ఊరి పేరు అచ్చులో చూశాక మావాళ్లు కూడా చీపుర్లు పట్టుకుని బయల్దేరారు. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ వార్తలు రాసింది ఇలాంటి ఊరి విలేకరులే. అప్పుడు వాళ్లకు సారా కాంట్రాక్టర్ దగ్గర పండగ యాడ్ తెమ్మని టార్గెట్ ఉంటే ఆ ఊళ్ల పేర్లు పేపర్లో వచ్చేవా?

ఇప్పుడు చూడండి. మా టౌన్‌లో ఒక హాస్టల్‌లో పిల్లలకు వాంతులయ్యాయి. మర్నాడు పేపర్లో "పట్టణంలోని ఓ ప్రైవేటు పాఠశాల" అని వేశారు. టౌనంతా తెలిసిన పేరు పేపర్లో లేదు. అదే స్కూల్ ర్యాంకుల యాడ్ రెండు పేజీల అవతల రంగుల్లో ఉంది. ఆ "ఓ ప్రైవేటు" అనే మాట కనిపించినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అదే ప్రభుత్వ హాస్టల్ అయితే వార్డెన్ పేరుతో సహా వేస్తారు. వెయ్యాల్సిందే, కానీ ఇద్దరికీ వెయ్యాలి.

యూనియన్ మనిషి:

ఇది మండలంతో ఆగే జబ్బు కాదు. 2009 ఎన్నికల్లో మన రాష్ట్రంలో పెయిడ్ న్యూస్, అంటే డబ్బు పుచ్చుకుని ప్రచారాన్ని వార్తగా వేయడం, ఎంత బాహాటంగా నడిచిందో అప్పుడు పనిచేసినవాళ్లకు గుర్తుంటుంది. ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులూ గెలుస్తారని రెండు వార్తలు! పత్రికల తీరు చూసే ప్రెస్ కౌన్సిల్ సబ్ కమిటీ వేసింది. పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాసరెడ్డి కలిసి పేపర్ల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. 2010లో కౌన్సిల్ దాన్ని పక్కనపెట్టి పేర్లు లేని చిన్న నివేదిక బయటపెట్టింది. మరుసటి ఏడాది కేంద్ర సమాచార కమిషన్ చెప్పాకే అసలుది జనానికి దొరికింది. 2011లోనే ఎన్నికల సంఘం పెయిడ్ న్యూస్ ఖర్చు లెక్కల్లో చూపలేదని ఉత్తరప్రదేశ్‌లో ఒక ఎమ్మెల్యే మీద అనర్హత వేటు వేసింది. వేటు పడింది డబ్బిచ్చిన వాళ్ల మీద. పుచ్చుకున్న పేపర్లకు ఏమీ కాలేదు.

పాఠకుడు డబ్బు పెట్టకపోతే ఎవరో ఒకరు పెడతారు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వలంటీర్లకు పేపర్ కొనుక్కోమని నెలకు 200 రూపాయలు మంజూరు చేసింది. అది ఒక్క పేపర్‌కే మేలు చేసేలా ఉందన్న గొడవ ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. ఏ ప్రభుత్వం వచ్చినా యాడ్‌లు ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అన్న లెక్క మాత్రం మారదు.

డల్లాస్ నుంచి:

నేను న్యూయార్క్ టైమ్స్‌కు డబ్బు కట్టి చదువుతాను. వాళ్లు 2011లో పేవాల్, అంటే డబ్బు కడితేనే వెబ్‌సైట్ చదవనిచ్చే పద్ధతి పెట్టినప్పుడు అందరూ మునిగిపోతారన్నారు. ఇప్పుడు కోటి మందికి పైగా చందాదారులున్నారు. తెలుగు పేపర్ మాత్రం మా వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్‌గా ఫ్రీగా వస్తుంది, చదివేస్తాను. రాసేటప్పుడు సిగ్గుగానే ఉంది. మా జిల్లా వార్తలు నిజంగా, పేర్లతో సహా రాస్తే నెలకు 5 డాలర్లు నేను కడతాను. నాలాంటివాళ్లు చాలామంది ఉంటారు.

యాడ్స్ విభాగం:

సంతోషం అండీ. కానీ వాళ్లకు ప్రపంచమంతా ఇంగ్లిష్ పాఠకులున్నారు. పైగా ఆటలు, వంటలు కలిపి అమ్ముతారు. మన ఈ-పేపర్‌కు ధర పెడితే తెల్లారేలోపు పీడీఎఫ్ వంద గ్రూపుల్లో తిరుగుతుంది. మీకు వచ్చేది కూడా అదే కదా.

వెబ్ డెస్క్:

మాకు యాడ్ టార్గెట్ లేదు, పేజీ వ్యూస్ టార్గెట్ ఉంది. మండలంలో సర్పంచ్ ఎలాగో మాకు ఆ గ్రాఫ్ అలా. పోయిన వానాకాలం నాగార్జునసాగర్ ఎడమ కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో, ఎన్ని తడులు ఇస్తారో ఇరిగేషన్ వాళ్లతో రెండు గంటలు మాట్లాడి ఒక వార్త రాశాను. నారు పోసుకోవాలా వద్దా అని చూస్తున్న రైతుకు అది కావాలి. సాయంత్రానికి దాన్ని చూసింది కొన్ని వందల మంది. అదే రోజు ఒక హీరోయిన్ పాత ఫొటోకు "షాకింగ్" అని హెడ్డింగ్ పెట్టిన ఐటమ్ లక్షలు దాటింది. మర్నాడు మీటింగ్‌లో స్క్రీన్ మీద చూపించింది రెండోదాన్నే.

ఇంకొకటి కూడా చెప్పాలి. ప్రింట్‌లో తప్పు వస్తే చిన్నదో పెద్దదో సవరణ వేసేవాళ్లం. ది హిందూ 2006లోనే పాఠకుల ఫిర్యాదులు చూడటానికి రీడర్స్ ఎడిటర్ అని ఒక మనిషిని పెట్టి తప్పులు ఒప్పుకోవడం మొదలుపెట్టింది. వెబ్‌లో మేం చప్పుడు లేకుండా లైన్ మార్చేస్తాం. పొద్దున ఒకరి పేరు నిందితుడని వెళ్తుంది, మధ్యాహ్నానికి తీసేస్తాం. ఈలోపు స్క్రీన్‌షాట్ ఊరంతా తిరుగుతుంది. ఆ మనిషికి మేం ఏం జవాబు చెబుతాం?

పేపర్ ఏజెంట్:

నాకు పెద్ద విషయాలు తెలియవు గానీ ధర గురించి చెప్పగలను. పొద్దున నాలుగింటికి బస్టాండ్ దగ్గర వ్యాన్ కట్టలు దించుతుంది. ఒకప్పుడు నాకు 420 కాపీలు. ఇప్పుడు 190. కుర్రాళ్లు దొరక్క సగం వీధులు నేనే వేస్తున్నా.

కిందటిసారి రూపాయి పెంచినప్పుడు పదకొండు ఇళ్లు మానేశాయి. నెల తిరిగేసరికి ఆరు ఇళ్లవాళ్లు మళ్లీ వెయ్యమన్నారు. అసలు దెబ్బ పడింది జిల్లా పేపర్ తీసేసినప్పుడు. ఒక్క నెలలో అరవై ఇళ్లు పోయాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. కరోనా భయం అనుకున్నా, కానీ భయం పోయాక అడిగినా వద్దన్నారు. రిటైర్డ్ వీఆర్వో ఒకాయన "మా ఊరి సంగతి లేని పేపర్ నాకెందుకు బాబూ, దేశం సంగతి టీవీలో వస్తుందిగా" అన్నాడు. రూపాయి ఎక్కువైందని ఆయన అనలేదు.

యాడ్స్ విభాగం:

ఏజెంట్ గారి మాట రెండుసార్లు చదివాను. మా ఆఫీసులో ధర పెంచినప్పుడు పోయిన కాపీల లెక్క ఉంది. జిల్లా పేజీలు తగ్గించినప్పుడు పోయినవాటిని కరోనా ఖాతాలో రాసేశాం.

మండలానికి ఒక యాడ్ మనిషిని పెట్టలేమన్న మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. నియోజకవర్గానికి ఒకరిని పెట్టొచ్చు, వార్తతో సంబంధం లేకుండా. పెద్ద స్కూళ్లు, ఆస్పత్రుల దగ్గర అది నడుస్తుంది. సర్పంచుల యాడ్‌లు చాలావరకు పోతాయి, పోనివ్వాలి. కానీ రాని డబ్బు విలేకరి లైన్ అకౌంట్‌లో కోయడం ముమ్మాటికీ తప్పు. ఆ కోతల లిస్టు ప్రతి నెలా తయారుచేసే వాళ్లలో నేనూ ఉన్నాను. పేరు, మండలం, బాకీ అని మూడు కాలమ్‌లు. ఆ బాకీ వల్ల ఏ వార్త ఆగిపోయిందో ఎప్పుడూ ఆలోచించలేదు అన్నా. మీ ఇసుక సంగతి చదివాకే తట్టింది. వచ్చే మీటింగ్‌లో ఈ కోత ఆపాలని రాతపూర్వకంగా ఇస్తాను.

పాత కంట్రిబ్యూటర్:

తమ్ముడూ, నువ్వు ఇంత ఒప్పుకుంటావని అనుకోలేదు. నియోజకవర్గానికి ఒకరు అన్నది నాకు నచ్చింది. మండలానికి ఒకరన్నది నా ఆశ, లెక్క నీకే తెలుసు. మీటింగ్‌లో ఏమన్నారో ఇక్కడ చెప్పు.

నిన్న సాయంత్రం మా మండలంలో ఇప్పుడు చేస్తున్న కుర్రాడు ఫోన్ చేశాడు. డిగ్రీ అయిపోయి రెండేళ్లు, ఇంకా పెళ్లి కాలేదు. ఆగస్టు 15 టార్గెట్ 25,000 ఇచ్చారట. "అన్నా, ఆ సర్పంచ్‌ను ఎలా అడగాలి, మీకు బాగా తెలుసు కదా" అన్నాడు. ముందు డబ్బు చేతిలో పడకుండా యాడ్ పంపకు, సంతకం లేకుండా అసలు పంపకు అని చెప్పాను. తర్వాత వాగు గురించి అడిగాను. ఇప్పుడు రాత్రిపూట ఆరు ట్రాక్టర్లు దిగుతున్నాయంట. ఒడ్డు కోసుకుపోయి ఇద్దరు రైతుల బోర్లు కూలిపోయాయంట.

నా దగ్గరున్న ఫొటోలన్నీ, తేదీలతో సహా అతనికి పంపించాను. అప్పుడు వాగు ఎలా ఉందో, ఇప్పుడు ఎలా ఉందో పక్కపక్కన పెట్టి రాయమన్నాను. రాస్తానన్నాడు. వాళ్ల డెస్క్‌లో నాకు తెలిసిన సబ్ ఎడిటర్ ఒకాయన ఉన్నాడు, ఆయనకు కూడా చెప్పాను. వార్త వచ్చిన రోజు క్లిప్పింగ్ ఇక్కడ పెడతాను.