‘చైనీస్ డెమోక్రసీ’ అప్పట్లో విన్నవాళ్లు కాస్త సాయం చేయండి

నెల రోజులుగా అమెరికన్ రాక్ బ్యాండ్ గన్స్ ఎన్ రోజెస్ వాళ్ల ఈ ఆల్బమే వింటున్నాను. 2008 నవంబరులో ఇది వచ్చినప్పుడు నేనింకా రాక్ జోలికే పోలేదు. అందుకే విడుదల రోజుల్లో విన్నవాళ్లను అడుగుతున్నాను.

పాత రివ్యూలు చదువుతుంటే ఎటూ తేలడం లేదు. రోలింగ్ స్టోన్ పత్రిక బాగా మెచ్చుకుంది. అభిమానుల్లో మాత్రం పాత గిటారిస్టు స్లాష్ లేకుండా గన్స్ ఎన్ రోజెస్ ఏమిటని కొట్టిపారేసినవాళ్లు చాలామందే. 1991 తర్వాత సొంత పాటలతో వచ్చిన మొదటి ఆల్బమ్ ఇదే కదా, పాతవాళ్లలో మిగిలింది గాయకుడు ఆక్సిల్ రోజ్, కీబోర్డు వాయించే డిజీ రీడ్ మాత్రమే. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ కోపం పాటల మీదా, అన్నేళ్ల ఎదురుచూపు మీదా?

నాకైతే ‘దేర్ వాజ్ ఎ టైమ్’ ప్రాణం. చివర్లో గిటార్ సోలో ఎంతకీ ఆగదు, ఆక్సిల్ గొంతు ఇంకా ఇంకా పైకి వెళ్తుంది. మొదటిసారి విన్నాక హెడ్‌ఫోన్స్ తీసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. అదే ‘మడగాస్కర్’కి వచ్చేసరికి, మధ్యలో మార్టిన్ లూథర్ కింగ్ మాటలు, సినిమా డైలాగులు ఒకదాని మీద ఒకటి పడి నా ధ్యాస చెదిరిపోతోంది. కొన్ని పాటల్లో ఎన్ని గిటార్లున్నాయో లెక్కే తెలియదు. విమర్శకులు అతిగా చెక్కారన్నది దీన్నేనేమో.

ఇన్నేళ్లలో మీ అభిప్రాయం మారిందా? మారితే ఏ పాట వల్ల? కచేరీ రికార్డింగుల్లో ఈ పాటలు ఇంకా తేటగా వినిపిస్తాయా? దయచేసి చెప్పండి.