విశాఖలో మేడ మీద గాలి మీటర్లు పెట్టినవాళ్లు – మీ రీడింగులు ఎలా ఉన్నాయి?

ఎంవీపీ_మేడ:
పీఎంఎస్ 5003 ధూళి సెన్సరు, నోడ్‌ఎంసీయూ (చిన్న వైఫై బోర్డు) కలిపి మేడ మీద పెట్టాను. పీఎం 2.5 (సన్న ధూళి) తెల్లారగట్ల 110 దాటుతోంది, పొద్దెక్కాక 40కి దిగుతోంది. ప్రభుత్వ స్టేషను అదే టైముకి ఇందులో సగమే చూపిస్తోంది. ఏది నమ్మాలి? డబ్బాకి పీవీసీ ఎల్బో చాలా? గాజువాక వైపు ఎవరైనా పెట్టారా?

జ్ఞానాపురం_కోడలు:
మీకు 110 అని బాధ, మాకు 35 అని బాధ. పొద్దున్న తుడిచిన గచ్చు మీద సాయంత్రం నడిస్తే అరికాళ్లు నల్లగా అయిపోతాయి. మా మరిది ఇదే సెన్సరు తెచ్చి కిటికీకి కట్టాడు. పచ్చరంగు చూపించి "గాలి బాగుంది వదినా" అంటాడేటి! గోడ మీద వేలు రాసి వాడి ముక్కు ముందు పెట్టాను.

రిటైర్డ్_శాంప్లర్:
ఫ్యాక్టరీ గొట్టాలెక్కి పొగ శాంపిళ్లు తీసి రిటైరైనవాణ్ణి, కాబట్టి వినండి. ఆ సెన్సరు లేజరు వెలుగు చెదరడాన్ని బట్టి లెక్క కడుతుంది, సన్న కణాలకే పనికొస్తుంది. కోడలు గారి గచ్చు నల్లబరిచే బొగ్గు పొడి ఎక్కువగా ముతక. తెర మీద పీఎం 10 (ముతక ధూళి కూడా కలిపిన లెక్క) అని కనిపించేది చాలావరకు ఊహే. ఎంవీపీ గారి జబ్బు వేరు, తేమ. ఉప్పు కణాలు నీళ్లు పీల్చి ఉబ్బితే లేజరుకి లావుగా కనిపిస్తాయి. స్టేషన్లో గాలిని వేడి చేసి ఆరబెట్టాకే కొలుస్తారు.

సింధియా_సీను:
వచ్చేసింది తేమ! తప్పంతా సముద్రానిదే అన్నమాట. చలికాలం పొద్దున్న యారాడ కొండకీ కైలాసగిరికీ మధ్య పొగ కదలకుండా పరుచుకుని ఉంటాది. అదీ ఉప్పేనా మాస్టారూ?

రిటైర్డ్_శాంప్లర్:
పొగ లేదని నేనెక్కడన్నాను? రాత్రి నేల చల్లబడితే పొగ పైకి లేవదు, సముద్రపు గాలి తిరిగాకే కదులుతుంది. కానీ పక్కన తేమ కొలవకుండా 110 అని అర్జీ పెడితే చూసినవాడు నవ్వుతాడు. ఎస్‌డీఎస్ 011 అని ఇలాంటిదే ఇంకో సెన్సరు, దాని కాగితాల్లోనే ఉంది, తేమ 70 శాతం లోపే వాడమని. మనూళ్లో తెల్లారగట్ల 70 లోపు ఎప్పుడుంటుంది?

సింధియా_సీను:
అర్జీలు చూసి నవ్వేవాళ్ల తరఫున వకాల్తా మీకెందుకు?

మురళీనగర్_అమ్మమ్మ:
గొడవెందుకు బాబూ. భోగినాడు అంకె చూసి మా మనవడు డబ్బా పాడైందని ఊడదీశాడు. 2020 మే 7న గ్యాసు లీకైనప్పుడు ఇలాంటివి ఉంటే ముందే తెలిసేది కదా.

నోడ్_పిచ్చి:
తెలిసేది కాదు అమ్మమ్మగారూ. ఆర్.ఆర్. వెంకటాపురంలో వచ్చింది స్టైరీన్ ఆవిరి, ఇవి ధూళినే చూస్తాయి. అన్నట్టు అందరూ మీ ఆప్‌లో ఏ దేశం గాలి నాణ్యత సూచీ ఉందో చూసుకోండి. పీఎం 2.5 రీడింగు 60 మైక్రోగ్రాములుంటే మన సూచీలో 100, "సంతృప్తికరం". అమెరికా సూచీలో అదే 150 దాటి ఎర్రబడుతుంది. వాట్సాప్ గొడవల్లో సగం దీనివల్లే.

జ్ఞానాపురం_కోడలు:
సూచీలు సరే, నా గచ్చు సంగతి ఎవరికీ పట్టదా? ముతక దుమ్ముకి ఏం పెట్టాలో అది చెప్పండి.

రిటైర్డ్_శాంప్లర్:
వెడల్పు మూతి, లోతు ఉన్న డబ్బా. అడుగున డిస్టిల్డ్ వాటరు. అంచు మీద కాకి వాలకుండా ఏర్పాటు చేసి మేడ మీద నెల ఉంచండి. ఆకులూ పురుగులూ తీసేసి, నీళ్లు ఇగరబెట్టి, మిగిలింది తూచాలి. వంటింటి కాటా పనికిరాదు, కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అడగండి. బరువుని మూతి వైశాల్యంతో భాగిస్తే చదరపు మీటరుకి నెలకి ఎంత రాలిందో వస్తుంది.

జ్ఞానాపురం_కోడలు:
బ్యాటరీ షాపులో అమ్మే నీళ్లేనా? వానొస్తే?

రిటైర్డ్_శాంప్లర్:
అవే. వానొచ్చినా తియ్యకూడదు, వానతో దిగిందీ లెక్కే. పొంగితే మాత్రం ఆ నెల పోయినట్టే.

సింధియా_సీను:
ఇది పనికొచ్చే మాట. మల్కాపురంలో మా మావయ్య మేడ మీద నేనూ ఒకటి పెడతాను. తూచేటప్పుడు మాత్రం నేను పక్కనుండాలి మాస్టారూ, అప్పుడు మళ్లీ తేమ అనకండి.