ఐసెట్ డేటా సఫిషియెన్సీ: ‘ప్రధాన సంఖ్య కాదు’ అని తేలితే స్టేట్‌మెంట్ చాలినట్టేనా?

గోదారోడు
ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం రాసే ఐసెట్‌కి కోచింగ్‌లో పెట్టిన మాక్ టెస్టులో వచ్చింది. ప్రశ్నకి జవాబు తేల్చడానికి ఏ స్టేట్‌మెంట్ చాలుతుందో చెప్పాలి. ఎన్ ఒక సహజ సంఖ్య. ఎన్ ప్రధాన సంఖ్యేనా?
స్టేట్‌మెంట్ 1: ఎన్ 90కీ 96కీ మధ్య ఉంది.
స్టేట్‌మెంట్ 2: ఎన్ బేసి సంఖ్య.
రెండూ కలిపినా చాలవని నేను 4వ ఆప్షన్ పెట్టాను. కీలో 1 ఇచ్చారు, మొదటిదొక్కటే చాలట. కీ తప్పు. 91 ప్రధాన సంఖ్య, 95 కాదు, రెండూ బేసివే. ఇంకెక్కడ తేలింది?

లెక్కల పంతులమ్మ
91 అంటే 7 × 13 బాబూ.

గోదారోడు
మేడమ్, 3 దాటిన ఏ ప్రధాన సంఖ్యనైనా 6తో భాగిస్తే 1 గానీ 5 గానీ మిగులుతుంది. మా సార్ బోర్డు మీద రాసి మరీ చెప్పారు. 91లో 90 పోతే 1 మిగిలింది కదా.

లెక్కల పంతులమ్మ
సూత్రం నిజమే, తిరగేస్తే మాత్రం పనికిరాదు. ప్రధాన సంఖ్య అయితే 1 లేదా 5 మిగులుతుంది. అంతేగానీ అలా మిగిలినవన్నీ ప్రధాన సంఖ్యలు కావు. 25కీ 1 మిగులుతుంది, 49కీ 1 మిగులుతుంది. 95కి 5 మిగులుతుంది, దాన్ని నువ్వే కాదన్నావు! 100 లోపు సంఖ్యని 2, 3, 5, 7తో చూస్తే చాలు, 11 వర్గమే 121. 91 ఏడుతో, 93 మూడుతో, 95 అయిదుతో పోతాయి. 92, 94 సరి సంఖ్యలు.

ఓరుగల్లు బిడ్డ
89 దాటితే సీదా 97ఏ. నడుమ ఒక్కటి గూడ లేదు. 100 లోపట 25 ఉంటయి, అన్నీ నోటికి పట్టుకుంటె ఈ లొల్లే ఉండది.

గోదారోడు
91 సంగతి పక్కన పెట్టండి. 91 నుంచి 95 దాకా అయిదున్నాయి, అందులో ఎన్ ఏది? విలువే తెలియనప్పుడు చాలిందని ఎలా అంటారు? పైగా ‘ప్రధాన సంఖ్యేనా’ అని అడిగితే ‘కాదు’ అని వచ్చింది. ఆ స్టేట్‌మెంట్ ఫెయిలయినట్టేగా.

రాత్రి బండి
విలువ ఎవరడిగారు బ్రో? అవునో కాదో అడిగారు. అయిదింటికీ ఒకటే జవాబు: కాదు. తేలిపోయింది. రెండోదాంట్లో 3 అవును, 9 కాదు. అది తేలలేదు.

గోదారోడు
మీకేం, ఎన్నైనా చెప్తారు. నాది బీఏ. పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం ముట్టుకోలేదు. కిందటేడు ఇలాంటివే దెబ్బకొట్టి ర్యాంకు పోయింది. అప్పు చేసి కోచింగ్‌లో చేరితే అక్కడ నేర్పినవి సూత్రాలు. 200 ప్రశ్నలకి 150 నిమిషాలు, అంటే ఒక్కోదానికి 45 సెకన్లు. 91ని ఏడుతో భాగిస్తూ కూర్చోమంటారా? సూత్రం వద్దంటే మాలాంటివాళ్లు గట్టెక్కేదెలా?

ఓరుగల్లు బిడ్డ
నెగెటివ్ మార్కుల్లేవు గద అన్నా, ఏదో ఒకటి పెట్టేసుడే.

లెక్కల పంతులమ్మ
అలా చెప్పకు నాయనా, అతను అప్పు చేసి చదువుతున్నాడు. గోదారోడూ, సూత్రం వద్దని నేననలేదు. ఒక ‘అవును’, ఒక ‘కాదు’ వెతుకు. రెండూ దొరికితే ఆ స్టేట్‌మెంట్ చాలదు. ఇది 45 సెకన్లలో అయ్యే పనే.

రాత్రి బండి
ఒకటే దొరికితే, మేడమ్? ఎన్ వర్గానికి ఎన్‌నీ 41నీ కలపండి. 1కి 43, 2కి 47, 3కి 53. 39 దాకా ప్రధాన సంఖ్యలే వస్తాయి. 40 దగ్గర 1681, అంటే 41 × 41. గణిత శాస్త్రవేత్త ఆయిలర్ నాటి నుంచీ తెలిసిన విషయమే. మూడు సంఖ్యలు పెట్టి ఆగినవాడు మునిగిపోతాడు.

గోదారోడు
నేనడిగేదీ అదే! ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పరు.

లెక్కల పంతులమ్మ
90కీ 96కీ మధ్య అని హద్దు ఇస్తే చివరిదాకా చూసి ఆగు. హద్దు లేకపోతే 25, 49, 91 ముందు పెట్టు. ప్రధాన సంఖ్యల్లా కనిపించి ముంచేవి అవే. వాటితోనూ తేలకపోతే ఆ ప్రశ్న వదిలి ముందుకెళ్లు.

గోదారోడు
ఈ మాట కీ పక్కన ఒక్క లైను రాసుంటే ఏం పోయేది? ఉత్త ‘1’ అని వేసి వదిలేశారు. రేపు క్లాసులో అడుగుతాను.