ఆమోదం పొందిన మినిట్స్‌లో (సమావేశ నమోదులో) షరతు తప్పుగా ఉంటే సవరణ ఎలా నమోదు చేయాలి?

నిర్మాణ దరఖాస్తులపై నిర్ణయించే స్థానిక ప్లానింగ్ కమిషన్ రికార్డులు చూసే అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి. కమిషన్‌లో 7గురు సభ్యులు, కోరం (కనీస హాజరు) 4. విచారణకు 5గురు వచ్చారు. దరఖాస్తు స్థలం పక్కనే ఆస్తి ఉన్న ఒకరు చర్చకు ముందే తప్పుకుని గది బయటికి వెళ్లారు. తీర్మానం 3-1తో నెగ్గింది. ఇంతవరకు పేచీ లేదు.

తీర్మానం పెట్టిన సభ్యుడు రోడ్డు వైపు సెట్‌బ్యాక్ (కట్టకుండా వదలాల్సిన ఖాళీ) 6 మీటర్లు అన్నట్టు ఆడియోలో స్పష్టంగా ఉంది. మినిట్స్‌లో మాత్రం సిబ్బంది నివేదికలోని 4.5 మీటర్లే పడింది. ముసాయిదా షరతులను ముందే అతికించి, సభలో చేసిన మార్పును దిద్దకపోతే సాధారణంగా జరిగేది ఇదే. తర్వాతి సమావేశంలో మినిట్స్ ఆమోదం పొందాయి, నిర్ణయ పత్రమూ దరఖాస్తుదారుకు చేరింది.

పాత పేజీ తీసేసి కొత్తది పెట్టడం కుదరదని తెలుసు. సవరణను అజెండాలో చేర్చి, ఓటు వేసి, పాత పాఠాన్ని అలాగే ఉంచి తేదీతో దిద్దుబాటు జతచేయాలనుకుంటున్నాం. తేలనివి ఇవి: నిర్ణయ పత్రం మళ్లీ జారీ చేస్తే అప్పీలు గడువు కొత్తగా మొదలవుతుందా? విచారణలో తప్పుకున్న సభ్యుడు ఈ సవరణపై ఓటు వేయవచ్చా? 4.5 మీటర్లతో ముద్ర పడిన ప్లాన్‌కు పాత ఎగ్జిబిట్ (రికార్డుకు జతచేసిన పత్రం) నంబరే ఉంచాలా, సవరించినదానికి వేరే నంబరు ఇవ్వాలా?

మినిట్స్ ఆమోదమయ్యాక ఆడియో చెరిపేసే నియమం ఉంది, ప్రస్తుతానికి ఆపించాం.