గోదావరి డెల్టా నీళ్ళలో అక్వేరియం మొక్కలు: కాలువ నాచు మేలా, దుకాణం మొక్క మేలా?

గట్టుమీద ఇల్లు (పాలకొల్లు)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడడుగుల పొడవున్న చేపల తొట్టి ఉంది. అందులో గప్పీలు, మోలీలు పెంచుతున్నాం. ప్లాస్టిక్ మొక్కలు తీసేసి నిజమైన మొక్కలు పెంచాలనుకుంటున్నాను. దుకాణంలో అమెజాన్ స్వోర్డ్, క్రిప్టోకొరైన్, ఎర్ర రొటాలా చూపించి, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు, ప్రత్యేకమైన మట్టి లేకపోతే ఏ మొక్కా బతకదని చెప్పారు. మా వెనకవైపు పంట కాలువలో మాత్రం ఎవరూ ఏమీ వేయకుండానే నాచు మోకాటి లోతున దట్టంగా పెరుగుతోంది. దాన్ని తెచ్చి వేసుకోవచ్చా? మా బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) లీటరుకు 900 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. వేసవి మధ్యాహ్నాల్లో తొట్టి నీరు 32 డిగ్రీలు దాటుతుంది.

లాకుల దగ్గర (ఆత్రేయపురం)

సిలిండరు లేనిదే ఏ మొక్కా బతకదన్న మాట సరికాదండి. నీట మునిగి పెరిగే మొక్కకు తరచుగా కొరత పడేది కర్బనం. గాలిలో కన్నా నీటిలో కార్బన్ డయాక్సైడ్ వేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది, నీరు వేడెక్కినకొద్దీ అది కరిగే మోతాదు కూడా తగ్గుతుంది. అందువల్ల ఆ వాయువు మీదనే ఆధారపడే మొక్కలు మన వేసవిలో నీరసిస్తాయి, వాటికే సిలిండరు కావలసి వస్తుంది. మన కాలువల్లో పెరిగే హైడ్రిల్లా, వాల్లిస్నేరియా, హార్న్‌వర్ట్ అలా కాదు. అవి నీటిలో కరిగి ఉండే బైకార్బనేట్ అనే లవణం నుంచి కూడా కర్బనాన్ని తీసుకోగలవు. హైడ్రిల్లా ఇంకో అడుగు ముందుకు వేసి, నీరు వేడెక్కి కార్బన్ డయాక్సైడ్ అడుగంటినప్పుడు చెరకు, మొక్కజొన్నల తరహాలో ఆహారం తయారుచేసుకునే పద్ధతికి మారుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం కాలువ అంచున వంగి చూస్తే దాని ఆకుల నుంచి సన్నని బుడగలు వరుసగా పైకి రావడం కనిపిస్తుంది. పక్కన తొట్టిలో రొటాలా వాడిపోతున్న వేళలో ఇది అంత చురుకుగా ఉంటుంది.

మూడింటినీ గుర్తుపట్టడం సులభమే. కణుపు చుట్టూ నాలుగైదు చిన్న ఆకులు ఉండి, ఆకు అంచు వేలికి గరుకుగా తగిలితే అది హైడ్రిల్లా. అసలు వేళ్ళే లేకుండా, ఆకులు పాయలుగా చీలి పెళుసుగా విరిగితే హార్న్‌వర్ట్. రిబ్బను వంటి పొడవాటి ఆకులు బురదలోంచి నేరుగా లేస్తే వాల్లిస్నేరియా. నా ఓటు వాల్లిస్నేరియాకే. అది ఇసుకలో నాటుకుని, పక్కలకు తీగలు పంపి, తొట్టి వెనక గోడ పొడవునా తనంతట తానే పిలకలు వేస్తుంది, కొంచెం ఉప్పదనాన్ని కూడా ఓర్చుకుంటుంది. హైడ్రిల్లాను మాత్రం అడుగున నాటకండి, నీటిపై తేలనివ్వండి. ఏటా వేసవిలో కాలువలు కట్టేసి అడుగు బీటలు వారినా, బురదలో మిగిలిన చిన్న దుంపల నుంచి అది మళ్ళీ లేచే మొక్క. ఒకసారి తొట్టి అడుగున దుంప పట్టిందంటే పూర్తిగా తీసేయడం చాలా కష్టం.

చెరువు గట్టు (భీమవరం)

లాకుల దగ్గర గారు చెప్పిన శాస్త్రంతో నాకు పేచీ లేదు. కానీ దాన్ని ఈ తొట్టికి వర్తింపజేసిన తీరుతో నేను ఏకీభవించలేను.

మొదటి సంగతి, టీడీఎస్ 900 అంటే అందులో బైకార్బనేట్ ఎంతో తెలిసినట్టు కాదు. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళ బోరు నీటిలో ఆ అంకెలో పెద్ద భాగం మామూలు ఉప్పే కావచ్చు. ముందుగా ఆల్కలినిటీ (ముఖ్యంగా బైకార్బనేట్ మోతాదు), హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియం మోతాదు) విడివిడిగా పరీక్ష చేయించండి. చేపల, రొయ్యల రైతులు వెళ్ళే ఆక్వా ల్యాబుల్లో ఈ పరీక్షలు చేస్తారు, ఒక సీసాడు నీళ్ళు తీసుకువెళితే చాలు.

రెండో సంగతి ఇంకా ముఖ్యమైనది. బైకార్బనేట్‌ను వాడుకునే మొక్కలు చిన్న తొట్టిలో దట్టంగా ఉంటే, మధ్యాహ్నానికి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 అంటే తటస్థం) 9 దాకా ఎక్కడం మామూలే. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాలో విషపూరితమైన భాగం పీహెచ్ 7 వద్ద నూటికి ఒక వంతు కూడా ఉండదు. అదే 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 9కి చేరితే దాదాపు సగం అవుతుంది. రాత్రికి కథ తిరగబడుతుంది. మొక్కలు కూడా ప్రాణవాయువునే పీల్చుకుంటాయి. 30 డిగ్రీల నీరు నిండుగా పట్టుకోగలిగిన ప్రాణవాయువే లీటరుకు 7.5 మిల్లీగ్రాములు. తెల్లవారుజామున చెరువులో చేపలు నోళ్ళు పైకి పెట్టి తేలడం చూసిన వారెవరూ ఈ మాటను తేలికగా తీసుకోరు. తొట్టి కూడా చెరువే, కాకపోతే చిన్నది కాబట్టి ప్రమాదం ఇంకా త్వరగా వస్తుంది.

ఇక మూడోది ఆర్గులస్, అంటే చేప పేను. కార్పు చెరువుల్లో దీనితో మేము పడే అవస్థ మీకు తెలియనిది కాదు. కాలువ నాచుతో పాటు అది వస్తుంది, జలగ వస్తుంది, తూనీగ పిల్ల వస్తుంది. తూనీగ పిల్ల గప్పీ పిల్లలను పట్టి తింటుంది. చేల నుంచి వచ్చే పురుగుమందు సంగతి చెప్పనే అక్కరలేదు.

లాకుల దగ్గర (ఆత్రేయపురం)

ఆల్కలినిటీ పరీక్ష ముందు చేయించాలన్న మాట న్యాయమైనది, దాన్ని ఒప్పుకుంటున్నాను. పీహెచ్ విషయంలో మాత్రం నింద మొక్క మీద కన్నా ఒత్తుగా నింపడం మీద పడాలి. తొట్టి అడుగులో మూడోవంతుకు మించకుండా నాటి, లైటు ఎనిమిది గంటలకు మించకుండా చూసి, రాత్రంతా ఎయిర్ పంపు నడిపితే మీరు చెప్పిన రెండు ప్రమాదాలూ చాలావరకు తగ్గుతాయి. పైగా గప్పీ, మోలీ కఠినజలాన్ని ఇష్టపడే చేపలు.

పురుగుల విషయానికి వస్తే, మొక్కను ఎక్కడి నుంచి తెస్తామన్నదే సగం జాగ్రత్త. చేల నీరు దిగే మురుగు కాలువలోంచి, బోదెల్లోంచి (చేలకు నీరు పారే చిన్న కాలువల్లోంచి) తేకూడదు. దాళ్వాకు (రెండో పంట వరికి) పురుగుమందు కొట్టే రోజుల్లో అసలు తేకూడదు. నీరు పారే ప్రధాన కాలువలోంచి లేత కొసలు మాత్రమే తుంచుకుని, మంచి నీటిలో జాడించి, పది లీటర్లకు 100 మిల్లీగ్రాముల పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీటిలో పది నిమిషాలు ముంచి, మళ్ళీ కడగాలి. ఆపైన చేప అనేదే లేని బకెట్‌లో, వెలుతురున్న చోట, నెల రోజులు ఉంచాలి. పర్మాంగనేట్‌కు గుడ్డు చావకపోయినా, ఆ నెలలో పొదిగి బయటికి వచ్చిన పేను చేప దొరక్క చస్తుంది. వారానికోసారి బకెట్ నీరు మారిస్తే పురుగుమందు అవశేషాలు కూడా పలచబడతాయి.

పూలంక మొక్కలు (కడియం)

నర్సరీ పనిలో ఉన్నవాడిగా ఒక్క మాట చెబుతాను. దుకాణంలో కొన్న స్వోర్డ్, క్రిప్టోకొరైన్ తొట్టిలో పెట్టిన కొద్ది రోజులకే ఆకులు గాజులా పారదర్శకమై కరిగిపోతే మొక్క చచ్చిందని పీకి పారేయకండి. పెంపక కేంద్రాల్లో వాటిని చాలావరకు నీటి పైన, తేమ గాలిలో పెంచుతారు. ఆ ఆకులు మునిగి బతకడానికి పుట్టినవి కావు. వేరు గట్టిగా ఉంటే నీటిలోపలి కొత్త ఆకు లోపలి నుంచి వస్తుంది, అప్పటిదాకా దాన్ని కదపకుండా ఉంచాలి.

మీ వేడికి ఎర్ర రొటాలా వద్దు. దుకాణం మొక్కే కావాలంటే అనూబియాస్ తీసుకోండి. దాని అడ్డకాండాన్ని ఇసుకలో పూడిస్తే కుళ్ళుతుంది కాబట్టి, రాయికో చెక్కకో దారంతో కట్టండి. నెలకు ఒక ఆకు వేస్తుందేమో, కానీ లైటు తక్కువైనా తట్టుకుంటుంది.

గట్టుమీద ఇల్లు (పాలకొల్లు)

చాలా సంతోషం. వాల్లిస్నేరియా, అనూబియాస్ కలిపి పెట్టాలని ఆలోచిస్తున్నాను. అడుగున మా చేనులోని నల్లమట్టి పరవవచ్చా?

చెరువు గట్టు (భీమవరం)

చేని మట్టి వద్దండి. అందులో యూరియా, డీఏపీ మిగిలి ఉంటాయి, నీరు పడగానే అమ్మోనియా వదులుతాయి. ఎరువు తగలని పెరటి మట్టిని జల్లించి అంగుళం మందాన పరిచి, పైన అంగుళంన్నర కడిగిన గోదావరి ఇసుక వేయండి. సముద్రపు ఇసుకలో ఉప్పూ గుల్లల పొడీ ఉంటాయి కాబట్టి అది పనికిరాదు. మట్టి వేసిన తొట్టిలో మొదటి కొన్ని వారాలు చేపలు లేకుండా ఉంచి, అమ్మోనియా పరీక్ష సున్నా చూపాకే వదలండి.

కాలువ మొక్క విషయంలో నా అభిప్రాయం మారలేదు. నెల రోజుల బకెట్ నియమాన్ని నూటికి నూరుపాళ్ళు పాటించే ఓపిక ఉన్నవారికే అది సరిపడుతుంది, లేనివారు ఎవరి తొట్టిలోనో పెరిగిన వాల్లిస్నేరియా పిలకలు అడిగి తెచ్చుకోవడం మంచిది.

లాకుల దగ్గర (ఆత్రేయపురం)

ఆ చివరి సలహా నాకూ నచ్చింది, నా దగ్గర పిలకలు ఉన్నాయి, కావలసినవారు అడగవచ్చు. ఒక్క విన్నపం: తొట్టిలో కత్తిరించిన ముక్కలను, ముఖ్యంగా దుకాణంలో కొన్న పరదేశపు మొక్కల ముక్కలను, కాలువలో వేయకండి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క మన కాలువలను ఎలా కమ్మేసిందో రోజూ చూస్తున్నాం. ముక్కలను ఎండలో బాగా ఎండబెట్టి కొబ్బరి చెట్ల పాదుల్లో వేస్తే ఎరువవుతుంది.